‘వయసు మీద పడింది గదా’ అని వదిలేయొద్దు: ఇంట్లో పెద్దల చూపు తగ్గితే చేయాల్సిన పనులు

"కండ్లు ఆనుతలేవు బిడ్డా" అని ఇంట్లో పెద్దమనిషి నోరు తెరిచి చెప్పేసరికి, చాలాసార్లు ఒక కన్ను దాదాపు పోయి రెండో కంటితో నెట్టుకొస్తుంటారు. చాలావరకు చూపు ఒక్కరోజులో పోదు. నెలల తరబడి కొద్దికొద్దిగా జారుతుంది, ఒక కన్ను తగ్గితే రెండోది ఆ పని ఎత్తుకుంటుంది. నలభై ఏండ్లు తిరిగిన ఇంట్లో గోలెం ఎక్కడుందో, మెట్టు ఎక్కడ దిగాలో కాళ్లకే తెలుసు కాబట్టి పక్కవాళ్లకూ అనుమానం రాదు. పైగా ఖర్చు పిల్లల మీద పడుతుందన్న జంకు ఉంటుంది. ఇంట్లోవాళ్లు కూడా "డెబ్బై ఏండ్లొచ్చినయ్, ఇంకెట్ల కనవడ్తది" అని సరిపెట్టుకుంటారు.

ఆ సరిపెట్టుకోవడమే అసలు నష్టం. వయసుతో అందరికీ వచ్చేది చత్వారం ఒక్కటే, అది దగ్గరి చూపు అద్దాలతో సరిపోతుంది. సరైన అద్దాలు పెట్టినా కనపడటం లేదంటే దానికి వేరే కారణం ఉంది, ఆ కారణానికి ఒక పేరుంది. 2015–19 జాతీయ సర్వేలో యాభై దాటినవాళ్ల అంధత్వంలో 66.2 శాతానికి శుక్లమే కారణమని తేలింది. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరిది ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు. మిగిలిన జబ్బుల్లో కొన్నింటికి పోయిన చూపు రాదు, కానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఏది ఏ రకమో తేల్చుకోవడమే మొదటి పని.

మొదటి మెట్టు: అడగకుండా గమనించండి

"మంచిగ కనవడ్తుందా?" అని అడిగితే "కనవడ్తుంది" అనే అంటారు. చేతి పనులు చూడండి. చాటలో బియ్యం చెరిగే అవ్వ రాళ్లు వదిలేస్తోందా? బీడీలు చుట్టే మనిషి దారం చుట్టేటప్పుడు తడుముకుంటోందా, రోజుకు చుట్టే లెక్క తగ్గిందా? గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు అంచు మీద వేలు పెట్టి చూసుకుంటున్నారా? ఐదు వందల నోటు, రెండు వందల నోటు కలగలుపుతున్నారా? ఎదురుగా వచ్చిన సుట్టాన్ని మాట్లాడేదాకా గుర్తుపట్టడం లేదా? పొద్దుగూకితే బయటికి పోవడం మానేశారా? మెట్టు దిగేటప్పుడు కాలితో వెతుక్కుంటున్నారా?

రెండు గుర్తులను చాలామంది మంచి వార్త అనుకుంటారు. అరవై ఐదేండ్లకు అద్దాలు లేకుండా పేపర్ చదవడం మళ్లీ మొదలైతే అది కంటి బలం కాదు. కంటి కటకం మధ్యభాగం చిక్కబడి, శుక్లం మొదలైనప్పుడు దగ్గరి చూపు కొన్నాళ్లు మెరుగైనట్టు ఉంటుంది. రెండోది, పళ్లెంలో ఒక పక్క అన్నం అట్లే మిగిలిపోవడం. "ఆకలి తగ్గింది" అనుకోకండి. పక్షవాతం వల్ల చూపులో ఒక సగం పోయినప్పుడు ఇట్లా జరుగుతుంది.

రెండో మెట్టు: ఇంట్లోనే కొలవండి

దీనికి తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్ను, స్కేలు, కొలత టేపు చాలు. చదువు రాని పెద్దలకూ పనికొస్తుంది.

1. ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం గీయండి, మూడు పళ్ల దువ్వెన లాగా. ఎత్తు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 26 మిల్లీమీటర్లు. ప్రతి గీత మందం, గీతల మధ్య ఖాళీ సుమారు 5 మిల్లీమీటర్లు. గీత సన్నగా గీస్తే ఫలితం తప్పుతుంది.

2. పగటి వెలుగులో పెద్దమనిషిని కూర్చోబెట్టి, సరిగ్గా 6 మీటర్లు, అంటే దాదాపు 20 అడుగులు కొలిచి నిలబడండి. ఇంట్లో అంత చోటు లేకపోతే వాకిట్లో చేయండి, కానీ ఎండ వాళ్ల ముఖం మీద పడొద్దు. దూరపు అద్దాలు వాడేవాళ్లు అద్దాలు పెట్టుకునే చూడాలి.

3. అరచేతితో ఒక కన్ను మూయించండి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, గట్టిగా నొక్కితే ఆ తర్వాత ఆ కన్ను కాసేపు మసకగా ఉంటుంది. రెండు కండ్లతో కలిపి పరీక్షించడం దండగ. మంచి కన్ను చెడ్డ కన్నును దాచేస్తుంది.

4. కాగితాన్ని పైకి, కిందికి, కుడికి, ఎడమకు తిప్పుతూ "పళ్లు ఎటు ఉన్నయో చెయ్యితో చూపియ్యి" అనండి. ఐదుసార్లలో నాలుగు సరిగా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ కంటి చూపు 6/18 కన్నా తక్కువ, అంటే మంచి కన్ను 18 మీటర్ల నుంచి చూడగలిగేది 6 మీటర్ల నుంచి కూడా కనపడటం లేదన్న మాట. కంటి డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

5. చెప్పలేని కంటికి ఒక అట్టముక్కలో దబ్బనం మొనతో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, దానిలోంచి చూడమనండి. చూపు స్పష్టమైతే తేడా ఎక్కువగా అద్దాల నంబరుది. ఏ మార్పూ లేకపోతే కటకంలోనో, కంటి లోపలి పొరలోనో, నరంలోనో జబ్బుందని అనుమానించాలి.

మూడు మీటర్ల దూరంలో చూపిన వేళ్లు లెక్కపెట్టలేకపోతే చూపు దాదాపు 3/60 కిందికి పడ్డట్టే. మన ప్రభుత్వం 2017 నుంచి అంధత్వానికి పెట్టిన హద్దు అదే. అంతకుముందు 6/60 ఉండేది.

ఇంకో రెండు చిన్న పరీక్షలున్నాయి. ఒక కన్ను మూసి, కిటికీ గ్రిల్లు మీదనో గదులు గీసిన లెక్కల నోటుబుక్కు మీదనో మధ్యలో ఒక చుక్కను చూడమనండి. దగ్గరి అద్దాలుంటే పెట్టుకోవాలి. గీతలు వంకర్లు పోయినా, మధ్యలో మచ్చలా మాయమైనా కంటి లోపలి పొర మధ్యభాగం దెబ్బతింటోందని అర్థం. రెండోది పక్క చూపుది. ఎదురెదురుగా ఒక మీటరు దూరంలో కూర్చుని, వాళ్లు మీ ముక్కునే చూస్తుండగా, మీ వేళ్లను పక్క నుంచి మెల్లగా లోపలికి తెస్తూ ఎప్పుడు కనిపించాయో చెప్పమనండి. మీకు కనిపించిన చాలాసేపటికి గానీ వాళ్లకు కనిపించకపోతే పక్క చూపు తగ్గినట్టే.

ఇవన్నీ దాటినా కన్ను బాగున్నట్టు కాదు. నీటి కాసులు (గ్లకోమా), షుగర్ వల్ల వచ్చే కంటి జబ్బు మొదట్లో ఏ పరీక్షకూ చిక్కవు. అందుకే యాభై దాటాక గుర్తులేమీ లేకపోయినా ఏడాదికోసారి కంటి డాక్టర్‌కు చూపించడం మేలు.

మసక ఒక్కటే, జబ్బులు వేరు

శుక్లాన్ని మన దిక్కు మోతిబిందు అంటారు. పొగమంచులోంచి చూసినట్టు అంతా మసకగా ఉంటుంది, రాత్రి బండి లైట్లు కండ్లలో చిమ్మినట్టు అనిపిస్తాయి, రంగులు వెలిసిపోతాయి. నొప్పి ఉండదు. ‘పొర’ అనే మాటతో ఇక్కడ ఒక గందరగోళం ఉంది. తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి పాకే కండ వేరు, అది ఎండలో దుమ్ములో పనిచేసేవాళ్లకు ఎక్కువ. శుక్లం కంటి లోపల కటకంలో వస్తుంది. "పొర వచ్చింది" అని చెబితే ఏ పొరో అడిగి తెలుసుకోండి.

నీటి కాసులు అన్నింటికన్నా మోసకారి. కంటి లోపలి ఒత్తిడి వల్ల నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మధ్య (పాదరసం మిల్లీమీటర్లలో) ఉంటుంది, కానీ ఆ హద్దులో ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది. అందుకే ఒత్తిడి ఒక్కటే కొలిచి "ఏం లేదు" అనుకోకూడదు, నరాన్ని కూడా చూడాలి. పక్క చూపు ముందు పోతుంది, ఎదురు చూపు చివరిదాకా ఉంటుంది. పోయినది తిరిగి రాదు. ఇంట్లో ఒకరికి ఉందంటే నలభై దాటిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకు కంటి లోపలి రక్తనాళాలు కారతాయి, చిట్లుతాయి. చూపు బాగున్నప్పుడే ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి లోపలి పొరను చూడాలి. లేజర్ చేశాక "చూపేం పెరగలేదు" అని కొందరు డాక్టర్‌ను మారుస్తుంటారు. లేజర్ ముఖ్యంగా ఇంకా పోకుండా ఆపడానికి, పెంచడానికి కాదు. కంట్లో సూది మందు అనగానే భయపడి ఆగిపోతారు. మత్తు చుక్కలు వేశాకే వేస్తారు, నిమిషాల పని. మొదట్లో నెలకొకటి చొప్పున కొన్ని వేయాల్సి ఉంటుంది, మధ్యలో ఆపితే చేసిందంతా వృథా.

వయసుతో లోపలి పొర మధ్యభాగం అరిగే జబ్బులో ఎదుటి మనిషి ముఖం కనపడదు, పక్కనున్న గోడ కనపడుతుంది. బీడీ, సిగరెట్ దీన్ని పెంచుతాయి. గీతలు హఠాత్తుగా వంకర కనిపిస్తే ఆ వారంలోనే చూపించాలి. ఈ జబ్బులో ఒక రకానికి కంటి సూది పనిచేస్తుంది, అదీ తొందరగా వేస్తేనే.

ఇంకా సులువైనది, అందరూ మరిచేది అద్దాల నంబరు. 2018లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’లో, 2023లో జరిగిన దాని రెండో విడతలో ఇచ్చిన అద్దాలే ఇప్పటికీ పెట్టుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. నంబరు మారుతుంది, అద్దం గీతలు పడుతుంది. ముందు దాన్ని చూపించండి.

తెల్లారేదాకా ఆగకూడని గుర్తులు

ఒక కంటి చూపు నిమిషాల్లో, గంటల్లో పోవడం. నొప్పి లేదని ఊరుకోకండి. కంటి రక్తనాళం మూసుకుపోవడం పక్షవాతం లాంటిదే, గంటల లెక్కలో నష్టం జరుగుతుంది. మాట తడబడినా, మూతి వంకరపోయినా 108కి ఫోన్ చేయండి.

కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. దీన్ని తలనొప్పి అనో గ్యాస్ అనో అనుకుని రెండు రోజులు గోళీలు మింగి చూపు పోగొట్టుకుంటారు. ఇది కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం.

మెరుపులు, ఉన్నట్టుండి నల్లటి చుక్కలు, ఒక పక్క నుంచి తెర దిగినట్టు ఉండటం. లోపలి పొర ఊడిపోతోందన్న మాట.

వరి కోతల కాలంలో వడ్ల పొట్టు, ఆకు అంచు తగిలి కన్ను ఎర్రబడి నొప్పి పెడితే అదే రోజు చూపించాలి. చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు పోయడం వల్ల పుండు పెద్దదై, కంట్లో పువ్వు మిగులుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఎర్రకండ్ల చుక్కల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. అది బూజు పట్టిన పుండును మంట మీద నూనె పోసినట్టు పెంచుతుంది. నెలల తరబడి వాడితే నీటి కాసులు, శుక్లం రెండూ వస్తాయి. కంట్లో సున్నం, పురుగుల మందు పడితే ముందు ఆస్పత్రి కాదు, ముందు నీళ్లు. రెప్పలు విప్పి పట్టుకుని పావుగంట నుంచి అరగంట శుభ్రమైన నీళ్లతో కడిగి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నం ముక్కలు తీసి, ఆ తర్వాత బయల్దేరండి.

డాక్టర్ దగ్గరికి పోయేముందు

వరంగల్‌లో ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది. హైదరాబాద్ పోవాల్సి వస్తే మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. నిర్మల్ దిక్కువాళ్లకు ఎల్వీ ప్రసాద్ సంస్థదే ముధోల్‌లో ఒక కేంద్రం ఉంది. పాత అద్దాలు, వాడుతున్న చుక్కల సీసాలు, బీపీ షుగర్ చీటీలు, ఆధార్, రేషన్ కార్డు సంచిలో పెట్టుకోండి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే పనిచేయడానికి అరగంట, మసక దిగడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. కాబట్టి తోడుగా ఒకరు, ఒక నల్లద్దాల జత ఉండాలి. బండి నడపొద్దు. ఇంటికొచ్చాక కంటి నొప్పి, వాంతులు మొదలైతే వెంటనే తిరిగి వెళ్లాలి.

డాక్టర్‌ను మూడు అడగండి: ఇది ఏ జబ్బు? పోయిన చూపు వస్తుందా, ఉన్నది నిలబెట్టడమేనా? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ మూడింటికి జవాబు చీటీ మీద రాయించుకుంటే ఇంటికొచ్చాక ఒకరొకరు ఒక్కో తీరుగా చెప్పుకోవడం ఉండదు.

మోతిబిందు ఆపరేషన్

"ముదిరినంక చేయించుకుందాం", "చలికాలం రానీ" – ఈ రెండూ పాతకాలపు మాటలు. ఇప్పుడు చేసే పద్ధతులకు ముదరాల్సిన పనిలేదు. ముదిరితే కటకం గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది, కొందరికి కటకం ఉబ్బి ఒత్తిడి పెరిగి నరమే పోతుంది. రోజు పనులకు అడ్డం వస్తే చేయించుకునే సమయం వచ్చినట్టే. ఏ కాలమైనా ఒకటే.

ముందుగా డాక్టర్‌కు తప్పక చెప్పాల్సినవి నాలుగు. రక్తం పలుచబడే గోళీలు వాడుతుంటే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. మగవాళ్లు ప్రోస్టేట్ గోళీలు, ముఖ్యంగా టామ్సులోసిన్ వాడుతుంటే, ఎప్పుడో వాడి ఆపినా సరే, చెప్పాలి. ఆపరేషన్‌లో కంటిపాప కుంచించుకుపోతుంది, తెలిస్తే డాక్టర్ జాగ్రత్త పడతారు. ముక్కు పక్కన కంటి మూల నొక్కితే చీము వస్తోందా చెప్పాలి, అది తగ్గాకే ఆపరేషన్. ఒంటి మీద పుండ్లు, పంటి చీము ఉన్నా చెప్పాలి.

ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు తల మీంచి స్నానం వద్దు, కన్ను నలపొద్దు, బిందె మోయొద్దు, పొయ్యి పొగ దగ్గర కూర్చోవద్దు. రాత్రి పడుకునేటప్పుడు కంటికి మూత పెట్టుకోవాలి. చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు, తగ్గించుకుంటూ పోతారు. అద్దాల నంబరు కూడా అప్పుడే. మొదటి వారంలో నొప్పి పెరిగినా, ఎర్రదనం పెరిగినా, వచ్చిన చూపు మళ్లీ తగ్గినా అదే గంటలో ఆస్పత్రికి పోవాలి, లోపల చీము పడితే రేపటికి ఆలస్యమవుతుంది. నెలలు, ఏండ్ల తర్వాత మెల్లగా మసక వస్తే భయపడకండి. కటకం వెనక పొర మసకబారుతుంది, కొన్ని నిమిషాల లేజర్‌తో పోతుంది.

చుక్కలు వేసే తీరు

సగం చుక్కలు చెంప మీద పడిపోతుంటాయి. చేతులు కడుక్కుని, పెద్దమనిషిని పడుకోబెట్టండి. కింది రెప్పను కిందికి లాగితే జేబులా అవుతుంది, అందులో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్పకు తగలొద్దు. కన్ను మెల్లగా మూయించి, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచండి, లేకపోతే మందు గొంతులోకి జారిపోతుంది. రెండో మందుకు ఐదు నిమిషాల ఎడం ఉండాలి. తెరిచిన రోజు తారీఖు సీసా మీద రాయండి, నాలుగు వారాల తర్వాత పారేయండి.

నీటి కాసులకు వాడే టిమోలోల్ చుక్కలు దమ్ము ఉన్నవాళ్లకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు పడవు, ముందే చెప్పండి. ఈ చుక్కలు వేస్తే చూపేమీ పెరగదు కాబట్టి చాలామంది మూడో నెలకల్లా ఆపేస్తారు. అవి బీపీ గోళీ లాంటివి, జీవితాంతం. పొద్దున టీ తాగే వేళ, రాత్రి అన్నం తినే వేళ లాగా రోజూ చేసే పనికి ముడిపెట్టండి.

చూపు తిరిగి రానప్పుడు ఇల్లు మార్చాలి

ముందు వెలుతురు. గది మొత్తానికి ఒక లైటు చాలదు, పని చేసేచోట దగ్గరగా పెట్టండి. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలు పడుతుంది. లైటు వెనక నుంచి, మంచి కంటి వైపు భుజం మీదుగా రావాలి. ఎదురుగా పెడితే కండ్లలో కొడుతుంది.

తర్వాత రంగుల తేడా. స్టీలు కంచంలో పెరుగన్నం కనపడదు, ముదురు రంగు కంచంలో పెట్టండి. పప్పు, కూర ఏ దిక్కున పెట్టారో రోజూ ఒకే తీరుగా పెట్టి చెప్పండి. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే మన అలవాటు మసక కండ్లకు పెద్ద ఆసరా, దాన్ని పండుగకే కాకుండా పసుపు పెయింటుతో పర్మనెంటు చేయండి. ప్రతి మెట్టు అంచుకు రెండంగుళాల తెల్ల లేదా పసుపు పట్టీ వేయండి. పైన దూరం, కింద దగ్గర నంబరున్న అద్దాలతో మెట్లు దిగితే కాలి కింద మసకగా ఉండి పడిపోతారు. నడవడానికి ఉత్త దూరపు అద్దాలు వేరుగా చేయించండి.

మరుగుదొడ్డి వాకిట్లో ఉంటే మంచం నుంచి అక్కడిదాకా నడుం ఎత్తున తాడు కట్టండి, రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. పొద్దటి గోళీల డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, రాత్రి డబ్బాకు రెండు. కుర్చీలు, మంచాలు జరిపితే చెప్పండి. తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి లేదా పూర్తిగా మూయండి, సగం తెరిచిన తలుపు అంచు నుదుటికి తగులుతుంది.

డబ్బు విషయంలో మోసపోతామన్న భయం పెద్దలను ఇంట్లో కట్టేస్తుంది. కొత్త నోట్లు పొడవును బట్టి గుర్తుపట్టొచ్చు: 50 నోటు 135 మిల్లీమీటర్లు, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. తేడా కొద్దిదే కాబట్టి అంచుల మీది ఉబ్బు గీతలు కూడా తడమడం నేర్పండి: వందకు నాలుగు, రెండు వందలకు నాలుగు గీతల మధ్య రెండు గుండ్రాలు, ఐదు వందలకు ఐదు. నోటు నలిగితే గీతలు చేతికి తెలియవు. ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే విలువ చెప్పే ‘మణి’ యాప్‌ను రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చింది.

నడిపించేటప్పుడు వెనక నుంచి తోయకండి, చెయ్యి పట్టి లాగకండి. మీ మోచేతి పైన వాళ్లను పట్టుకోనిచ్చి, మీరు అరడుగు ముందు నడవండి. మెట్టు వస్తే ఆగి, ఎక్కుడా దిగుడా చెప్పండి. కుర్చీ చూపించాలంటే వాళ్ల చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు. గదిలోకి వస్తూ "అవ్వా, నేను" అని పేరు చెప్పండి, పోయేటప్పుడు పోతున్నానని చెప్పండి. ఖాళీ గదితో మాట్లాడటం ఎంత అవమానమో వాళ్లు చెప్పరు.

చికిత్స అంతా అయ్యాక కూడా చూపు బాగా తక్కువుంటే దివ్యాంగుల సర్టిఫికెట్‌కు పెట్టుకోండి. దరఖాస్తు చేసుకుని, పిలిచిన రోజు వైద్య బోర్డు ముందుకు పోవాలి. 40 శాతం, ఆపైన వైకల్యం రాస్తే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆపరేషన్‌తో బాగయ్యే శుక్లం ఉంటే ముందు అది చేయించుకోమంటారు.

ఒక విషయం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాలి. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి లేని మనుషులు, పిల్లలు, పూలు, పురుగులు, గోడల మీద ముగ్గులు స్పష్టంగా కనిపిస్తాయి. కంటి నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు తయారుచేస్తుంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. తాయెత్తుకూ భూతవైద్యుడికీ తిప్పకండి, అట్లా తిప్పితేనే పెద్దలు భయపడి చెప్పడం మానేస్తారు. లైటు వేయడం, కండ్లు గట్టిగా మూసి తెరవడం, కూర్చున్న చోటు నుంచి లేచి నాలుగడుగులు వేయడం వల్ల ఆ బొమ్మలు చాలాసార్లు చెదిరిపోతాయి. బొమ్మలతో పాటు మాటలు కూడా వినిపిస్తున్నాయన్నా, అవి నిజమనే నమ్ముతున్నా, మనిషి తికమకపడుతున్నా అప్పుడు డాక్టర్‌కు చెప్పండి.